బాంటమ్ వర్ణపంచకం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

బాంటమ్ కోళ్లలో ఒక రంగును నిలపాలంటే పని గుడ్డు దగ్గర మొదలు కాదు, ఏ పుంజును ఏ పెట్టతో కలపాలన్న నిర్ణయం దగ్గర మొదలవుతుంది. ఆ నిర్ణయాన్ని అయిదు ఆటవెలదులలో చెప్పిన లఘుగ్రంథం ఈ వర్ణపంచకం. మూలకారుడు మితభాషి. ఇరవై పాదాల మూలానికి ఇంత టీక అవసరమా అని శంక. అవసరమే. కోడి చిన్నదైనా దాని రంగుకు కారణాలు చిన్నవి కావు.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం ఆచారం. ఇక్కడ విషయం జనక పక్షుల ఎంపిక. ప్రయోజనం కోరిన రంగు పిల్లలు. గ్రంథానికీ విషయానికీ సంబంధం ప్రతిపాద్య ప్రతిపాదక భావం. దీని మీద ఏ కోడీ ఇంతవరకు ఆక్షేపణ తెలపలేదు. అధికారి ఎవడంటే, నాలుగు గూళ్లకు చోటు, కొన్నేళ్లకు సరిపడా ఓపిక, తెల్లవారుజామున పుంజు కూసినా పోట్లాటకు రాని పొరుగువారు ఉన్నవాడు. చివరిది లేనివాడికి మొదటి రెండూ ఉన్నా అధికారం సిద్ధించదు.

లక్ష్యజాతిగా పెకిన్ బాంటమ్‌ను గ్రహించాలి. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సేనలు పెకింగ్ వేసవి ప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు ఈ కోళ్లు ఇంగ్లండుకు చేరాయని పెంపకందారులు చెప్పుకునే కథ. బ్రిటన్‌లో పెకిన్ అనేదాన్నే అమెరికాలో కొచిన్ బాంటమ్ అంటారు. గుండ్రటి పొట్టి ఒళ్లు, వేళ్ల దాకా ఈకలు కప్పిన కాళ్లు దీని లక్షణాలు. నలుపు, నీలి, లావెండర్ వంటి ఎన్నో రంగుల్లో పెంచుతారు కనుక శాస్త్రచర్చకు అనువైన జాతి.

తెలుగువారికి కోడిరంగుల శాస్త్రం కొత్త కాదు. కుక్కుట శాస్త్రం నల్లపుంజును కాకి అని, తెల్లదాన్ని సేతు అని, ఎర్రదాన్ని డేగ అని, రెక్కల మీదా వీపు మీదా పసుపు ఈకలున్నదాన్ని నెమలి అని విభజించి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెబుతుంది. ఆ శాస్త్రం రంగు బరిలో ఏం చేస్తుందని అడుగుతుంది. ఈ శాస్త్రం రంగు ఎవరి నుంచి వచ్చింది, ఎవరికి పోతుంది అని అడుగుతుంది. కనుక రెండింటికీ విరోధం లేదు.

మొదటి పద్యం

రంగు చూచి పుంజు రాజని యెంచకు
మేను చూడు ముందు మేలు కొఱకు
వన్నె రెండు మూడు వర్షాల సిద్ధించు;
ఆరు దాటునోయి యాకృతికిని

ప్రతిపదార్థం: రంగు చూచి = ఈకల వన్నె ఒక్కటే చూసి; పుంజు = ఎదుట గూట్లో నిలబడిన పుంజును; రాజు అని = మందకు తండ్రి కాదగినదని; ఎంచకు = తలచవద్దు; ముందు = బేరానికి పూర్వమే; మేను = ఒంటి తీరును; చూడు = పరిశీలించు; మేలు కొఱకు = రాబోయే తరాల బాగు కోసం; వన్నె = రంగు; రెండు మూడు వర్షాల = రెండు మూడేళ్లలో; సిద్ధించు = కుదురుతుంది; ఆకృతికిని = ఆకారానికైతే; ఆరు = ఆరేళ్లు; దాటున్ = మించుతుంది; ఓయి = ఓ కొనుగోలుదారుడా.

తాత్పర్యం: రంగు తొందరగా వస్తుంది, ఆకారం ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఆలస్యంగా వచ్చేదాన్ని ముందు సంపాదించాలి.

విశేషం: వర్షమంటే ఇక్కడ సంవత్సరం. వాన అని అర్థం చెప్పుకున్నవారు రెండు మూడు జల్లులకే ఫలితం ఆశించి నిరాశపడతారు.

రంగుకూ ఆకారానికీ ఈ తేడా ఎందుకు? ఈ గ్రంథంలో వచ్చే రంగులు ఒక్కొక్కటీ ఒక్కొక్క జన్యువు పని. ఒక జన్యువు లెక్క రెండు మూడు తరాల్లో తేలిపోతుంది. వీపు పొట్టిదనం, రొమ్ము వెడల్పు, తోక దగ్గర ఈకల గుబురు, నిలబడే తీరు మాత్రం అనేక జన్యువులు తలా కాస్త కలిసి చేసే పనులు. వాటిలో ఒక్కటి తప్పినా కంటికి తెలుస్తుంది, ఏది తప్పిందో మాత్రం తెలియదు. అందుకే అవి తరతరాల ఎంపికతో తప్ప కుదరవు.

ఈ సంగతి మూలకారుడి కంటె ముందే తెలిసినవాడు సర్ జాన్ సీబ్రైట్. ప్రతి ఈకకూ నల్ల అంచు ఉండే సీబ్రైట్ బాంటమ్‌ను రూపొందించిన ఈ ఆంగ్ల భూస్వామి 1767లో పుట్టి 1846లో పోయాడు. కోరిన ఈక మూడేళ్లలో తేగలననీ, తలా ముక్కూ కుదరడానికి ఆరేళ్లు కావాలనీ ఆయన పావురాల గురించి అనేవాడని డార్విన్ 1859 నాటి తన గ్రంథంలో రాశాడు. మూలంలోని మూడు, ఆరు అంకెలకు ఆధారం ఇదే. పావురానికి చెప్పినదాన్ని కోడికి అన్వయించడం అతిదేశం. రెంటికీ రెక్కలున్నాయి కనుక దోషం లేదు.

మేను చూడటమంటే ఏం చూడాలి? బ్రిటిష్ ప్రమాణం ప్రకారం పెకిన్ పుంజు 680 గ్రాములు, పెట్ట 570 గ్రాములు మించరాదు. ముందుకు కాస్త వంగి, తల కంటె తోక ఎత్తుగా కనబడాలి. ఈకలు మెత్తగా, విస్తారంగా ఉండాలి. మోకీలు దగ్గర బిరుసు ఈకలు పొడుచుకు రాకూడదు. వంకర ముక్కు, మెలిపడిన వేళ్లు, పక్కకు ఒరిగిన తోక ఉన్నదాన్ని ఎంత మంచి రంగున్నా తల్లిగానో తండ్రిగానో వాడరాదు. చురుకు లేనిదీ, మనిషి మీదికి వచ్చేదీ అంతే.

పూర్వపక్షం: రంగు ప్రాజెక్టు అని పేరు పెట్టి రంగునే వెనక్కి నెట్టడం వదతోవ్యాఘాతం. ఆ రంగున్న కోడి ఒక్కటే దొరికి, దాని మేను బాగాలేకపోతే ఏం చేయాలి?

సిద్ధాంతం: తీసుకోవాలి. అయితే రెండో పక్క పక్షి మేను నిర్దోషంగా ఉండాలి. రంగు ఒకరి వంతు, ఆకారం మరొకరి వంతు. ఒకే లోపం ఉన్న రెంటిని మాత్రం ఎన్నడూ జత కట్టరాదు. అప్పుడా లోపం మందకు ఆస్తి అవుతుంది.

"ఓయి" అన్నది పాదపూరణమని కొందరి మతం. అది సరికాదు. చేతిలో డబ్బు పట్టుకుని అందమైన పుంజు గూటి ముందు నిలబడినవాడికి గట్టిగా పిలిస్తే తప్ప వినబడదు.

రెండో పద్యం

నలుపు చిందు గలియ నాణ్యమౌ నీలమె
పుట్టునెల్ల పిల్ల పుంజు పెట్ట
నీలి నీలి గలియ నిర్ణయమేమన
నాల్గిటందు రెండె నమ్మదగును

ప్రతిపదార్థం: నలుపు = నల్లకోడి; చిందు = తెల్లటి ఒంటి మీద అక్కడక్కడ నీలిమచ్చలు చిందినట్టుండే కోడి, అనగా స్ప్లాష్; కలియన్ = జతపడగా; పుంజు పెట్ట = మగదైనా ఆడదైనా; పిల్ల ఎల్లన్ = ప్రతి పిల్లా; నాణ్యమౌ నీలమె = మేలైన నీలిరంగుతోనే; పుట్టున్ = పుడుతుంది; నీలి నీలి కలియన్ = నీలిపుంజు నీలిపెట్టతో జతపడితే; నిర్ణయము ఏమనన్ = తీర్మానం ఏమంటే; నాల్గిటందు = నాలుగు పిల్లల్లో; రెండె = రెంటిని మాత్రమే; నమ్మదగును = నీలివని ఆశించవచ్చు.

తాత్పర్యం: నీలిపిల్లలు కావాలంటే నీలికోళ్లను కలపడం కంటె నల్లదాన్నీ స్ప్లాష్‌నూ కలపడం మేలు.

విశేషం: వినగానే ఇది విడ్డూరం. నీలి లేని ఇంట అందరూ నీలివారు, నీలివారి ఇంట సగమే నీలివారు. దీనికి ఉపపత్తి ఇది. నీలి జన్యువు నలుపును పలచన చేస్తుంది. అది ఒక మోతాదు ఉంటే నలుపు నీలిబూడిద అవుతుంది. రెండు మోతాదులుంటే స్ప్లాష్ అవుతుంది. అసలే లేకపోతే నలుపు నలుపుగానే ఉంటుంది. నీలికోడి అంటే ఎప్పుడూ ఒకే మోతాదు మోసేది. అందువల్ల అది తన లాంటి పిల్లలనే నిత్యం కనలేదు. దీన్ని అసంపూర్ణ బహిర్గతత్వం అంటారు.

సాధ్యమైన జతలు ఆరు. నలుపు నలుపుతో కలిస్తే అన్నీ నలుపు. నలుపు నీలితో కలిస్తే సగం నలుపు, సగం నీలి. నలుపు స్ప్లాష్‌తో కలిస్తే అన్నీ నీలి. నీలి నీలితో కలిస్తే పావు నలుపు, సగం నీలి, పావు స్ప్లాష్. నీలి స్ప్లాష్‌తో కలిస్తే సగం నీలి, సగం స్ప్లాష్. స్ప్లాష్ స్ప్లాష్‌తో కలిస్తే అన్నీ స్ప్లాష్. "పుంజు పెట్ట" అని మూలకారుడు కలిపి చెప్పడం వల్ల ఈ లెక్కలో మగా ఆడా భేదం లేదని గ్రహించాలి. నాలుగో పద్యంలో ఆ భేదం వస్తుంది.

ఈ రహస్యం బయటపడింది ఇంగ్లండులో, ఆండలూసియన్ కోళ్ల దగ్గర. నీలి ఆండలూసియన్లకు పుట్టే నల్లపిల్లలనూ మచ్చల తెల్లపిల్లలనూ పనికిరానివని పెంపకందారులు ఏరివేసేవారు. ఎంత ఏరినా మళ్లీ పుట్టేవి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కేంబ్రిడ్జిలో విలియం బేట్సన్, రెజినాల్డ్ పన్నెట్ మెండెల్ సూత్రాలను కోళ్ల మీద పరీక్షించి, పనికిరానివనుకున్న ఆ రెంటినీ జత చేస్తే పిల్లలన్నీ నీలివే అవుతాయని చూపారు. పాఠ్యపుస్తకాల్లో పన్నెట్ చదరంగా కనబడే గళ్ల పటం ఈ పన్నెట్‌దే. తీసివేసినదాన్ని తీసివేసినదానితో కలిపితే కావలసినది వచ్చిందని సారాంశం. ఇది వైరాగ్య బోధ కాదు, లెక్క.

ఇక్కడ ప్రథమ పద్యంతో అన్వయం ఉంది. నీలి నీలి జతలో నలభై పిల్లలు లేస్తే రంగు కోసమే సగటున ఇరవై పక్కకు పోతాయి. మేను చూసి ఎంచుకోవడానికి ఇరవై మిగులుతాయి. నలుపు స్ప్లాష్ జతలో నలభైకి నలభై మిగులుతాయి. రంగును లెక్కకు అప్పగిస్తే కన్ను ఆకారానికి మిగులుతుంది. గ్రంథ హృదయం ఇదే.

"రెండె" లోని ఏవకారం అత్యాశను నివారించడానికి. "నమ్మదగును" అన్నది కూడా జాగ్రత్తగా చదవాలి. నాలుగు పిల్లలు లేచినప్పుడల్లా సరిగ్గా రెండు నీలివి వస్తాయని అర్థం కాదు. అలా రావడం పదహారింట ఆరుసార్లే. ఒక్కటీ నీలి కాకపోవడం కూడా పదహారింట ఒకసారి జరుగుతుంది. నాలుగు పిల్లలు చూసి శాస్త్రాన్ని తిట్టేవాడు నలభై పిల్లలు చూసినవాడు కాడు.

నల్లకోడిని ఎంచేటప్పుడు మరో సూక్ష్మం. నీలి జన్యువు నలుపునే పలచన చేస్తుంది, ఎరుపునూ బంగారాన్నీ దాదాపు ముట్టుకోదు. నల్లపుంజు మెడ మీద నాలుగు ఎర్ర ఈకలు నలుపులో కలిసిపోయి కనబడకపోవచ్చు. దాని నీలికొడుకు మెడలో అవే కొట్టవచ్చినట్టు కనబడతాయి. కనుక నీలి కోసం ఎంచే నల్లపక్షి మెడనూ వీపునూ వెలుతురులో, ఈక విప్పి చూడాలి. ఎరుపు జాడ లేకుండా ఆకుపచ్చ నిగ్గుతో మెరిసే నలుపు శ్రేష్ఠం.

మూడో పద్యం

నల్ల పుంజు లోన నక్కును లావెండ
రొకటి రెండు తరములూరకుండు
తెలియు దారి యొకటె తెచ్చి లావెండరు
పెట్ట జతను గట్టి పిల్లలెన్ను

ప్రతిపదార్థం: నల్ల పుంజు లోన = పైకి నలుపే కనబడే పుంజులో; లావెండరు = లేత బూడిద ఊదా వన్నె; నక్కును = దాగి ఉంటుంది; ఒకటి రెండు తరములు = ఒకటి రెండు తరాల పాటు; ఊరక ఉండు = ఉనికి తెలియనీయదు; తెలియు దారి = కనిపెట్టే ఉపాయం; ఒకటె = ఒక్కటే; లావెండరు పెట్ట తెచ్చి = లావెండర్ పెట్టను తీసుకువచ్చి; జతను కట్టి = ఆ పుంజుతో జత చేసి; పిల్లలెన్ను = పుట్టిన పిల్లలను లెక్కించు.

తాత్పర్యం: లావెండర్ దాగే రంగు. దాచినవాడి ముఖం చూస్తే తెలియదు, సంతానాన్ని చూస్తే తెలుస్తుంది.

విశేషం: నీలీ లావెండరూ చూపుకు దగ్గర, నడతకు దూరం. నీలి ఒక మోతాదుకే కనబడుతుంది. లావెండర్ అంతర్గత లక్షణం, రెండు మోతాదులుంటేనే కనబడుతుంది. నీలి నలుపును మాత్రమే పలచన చేస్తుంది. లావెండర్ నలుపును బూడిద ఊదాగానూ, ఎరుపును లేత గడ్డిరంగుగానూ, రెంటినీ మారుస్తుంది. నీలి నీలితో కలిసినా అన్నీ నీలివి కావు. లావెండర్ లావెండర్‌తో కలిస్తే అన్నీ లావెండరే. దీనికి మెలనోఫిలిన్ అనే జన్యువులో వచ్చిన ఒక్క మార్పు కారణమని 2008లో పరిశోధకులు గుర్తించారు. వర్ణద్రవ్యం తయారవుతుంది గాని, ఈకలోకి సమంగా పంపిణీ కాదు. అందుకే లేత వన్నె.

అన్నీ అవే పుడుతుంటే ఇక నల్లకోడితో పనేమిటని శంక. లావెండర్‌ను లావెండర్‌తోనే తరాల తరబడి కలిపే మందల్లో తోక ఈకలు పీలికలుగా చిరిగిపోయే లోపం తలెత్తుతుంది. దానికి విరుగుడు, ఈక దట్టంగా ఉన్న నల్లపక్షిని మధ్యమధ్య కలపడం. పెకిన్‌కు ఈకే ప్రాణం కనుక ఇది విధి, వికల్పం కాదు.

ఆ కలయిక నుంచి పుట్టే మొదటి తరం అంతా నలుపే, అంతా లావెండర్‌ను మోసేదే. ఇలా మోసేదాన్ని పెంపకందారులు స్ప్లిట్ అంటారు. స్ప్లిట్‌ను స్ప్లిట్‌తో కలిపితే పావు లావెండర్, ముప్పావు నలుపు. ఆ నల్లపిల్లల్లో మూడింట రెండు స్ప్లిట్, మూడింట ఒకటి శుద్ధ నలుపు. ఏది ఏదో చూపుకు తెలియదు. ఈ జతలో ఒక్క లావెండర్ పిల్లైనా పుడుతుందన్న భరోసా నూటికి 95 పాళ్లు ఉండాలంటే 11 పిల్లలు లేవాలి. గంప కింద అయిదు గుడ్లు పెట్టి దైవాన్ని నిందించడం శాస్త్రసమ్మతం కాదు.

పరీక్షకు స్ప్లిట్ పెట్టను గాక లావెండర్ పెట్టనే తెమ్మనడంలో మూలకారుడి పొదుపు ఉంది. పుంజు స్ప్లిట్ అయితే లావెండర్ పెట్టకు పుట్టేవాటిలో సగం లావెండర్ కావాలి. ఒక్క లావెండర్ పిల్ల లేచినా నిర్ణయం అయిపోయినట్టే. పుంజు స్ప్లిట్ అయి ఉండీ వరసగా అయిదు నల్లపిల్లలే లేవడానికి 32 లో ఒక వంతే అవకాశం. ఏడు లేవడానికి 128 లో ఒక వంతు. ఏడు పిల్లలతో పుంజు నిర్దోషి అని తీర్పు చెప్పవచ్చు. అదే పరీక్ష స్ప్లిట్ పెట్టతో చేస్తే అంత నమ్మకానికి పదిహేడు పిల్లలు కావాలి.

నీలినీ లావెండర్‌నూ ఒకే గూట్లో కలపవచ్చునా? కలపరాదు. రెండు పలచన జన్యువులు ఒకే మందలో తిరిగితే ఏ పిల్ల ఏది మోస్తుందో ఆనవాలు పట్టడం కష్టం. రెండూ కావలసినవాడు రెండు మందలు పెట్టుకోవాలి.

నాలుగో పద్యం

పెట్ట దాచ లేదు పెన్నిధి చాక్లెట్టు
పుంజు దాచగలదు పూర్తిగాను
తండ్రి వన్నె యెల్ల తల్లి కాదనకుండ
కూతురందు జూపు కొదువ లేక

ప్రతిపదార్థం: పెట్ట = ఆడకోడి; పెన్నిధి చాక్లెట్టు = గొప్ప నిధి వంటి చాక్లెట్ రంగును; దాచ లేదు = లోపల పెట్టుకుని పైకి నలుపుగా ఉండజాలదు; పుంజు = మగకోడి; పూర్తిగాను = జాడ తెలియకుండా; దాచగలదు = దాచుకోగలదు; తండ్రి వన్నె ఎల్ల = చాక్లెట్ తండ్రి రంగంతా; తల్లి కాదనకుండ = తల్లి అడ్డు లేకుండా; కూతురందు = కూతురిలో; కొదువ లేక చూపు = లోపం లేకుండా కనబడుతుంది.

తాత్పర్యం: చాక్లెట్ విషయంలో పెట్ట మాట నమ్మవచ్చు, పుంజు మాట నమ్మరాదు.

విశేషం: చాక్లెట్ నలుపును ముదురు గోధుమవన్నెగా మారుస్తుంది. బ్రిటన్‌లో ఓర్పింగ్టన్ బాంటమ్‌లలో కనబడిన ఈ రంగు లింగ సహలగ్న అంతర్గత లక్షణమని క్లైవ్ కేర్‌ఫుట్ 1996లో ప్రకటించారు. కోళ్లలో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. మనుషుల్లో బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము తేలుస్తుంది. కోళ్లలో తల్లి నుంచి వచ్చేది తేలుస్తుంది. చాక్లెట్ జన్యువు జెడ్ మీద ఉంటుంది. పెట్టకు ఉన్నది ఒకే జెడ్ కనుక దాని మీద చాక్లెట్ ఉంటే బయటపడి తీరుతుంది. పుంజుకు రెండో జెడ్ మీద నలుపు ఉంటే చాక్లెట్ దాని చాటున దాగుతుంది.

"తల్లి కాదనకుండ" అన్నచోట తల్లి ఔదార్యం వర్ణితమని కొందరు భావిస్తారు. అది ఔదార్యం కాదు, అశక్తత. తల్లి కూతురికి డబ్ల్యూ ఇచ్చి ఊరుకుంటుంది. జెడ్ తండ్రే ఇస్తాడు. కనుక చాక్లెట్ పుంజును నల్లపెట్టతో కలిపితే కూతుళ్లందరూ చాక్లెట్, కొడుకులందరూ నల్లటి స్ప్లిట్‌లు. మారుజత చేసి నల్లపుంజుకు చాక్లెట్ పెట్టను కడితే పిల్లలన్నీ నలుపే. కొడుకులందరూ స్ప్లిట్, కూతుళ్లలో ఒక్కదానికీ చాక్లెట్ ఉండదు.

ఈ రెండో జత చూపుకు నిష్ఫలం, నిజానికి మహాఫలం. ఓర్పింగ్టన్ నుంచి పెకిన్‌లోకి చాక్లెట్ తేవాలనుకుందాం. మొదటి ఏడు చాక్లెట్ ఓర్పింగ్టన్ బాంటమ్ పుంజును నల్ల పెకిన్ పెట్టతో కలపాలి. కూతుళ్లు చాక్లెట్‌గా వస్తాయి గాని, ఆకారం అటూ ఇటూ కాకుండా ఉంటుంది. రెండో ఏడు ఆ కూతుళ్లలో మేను మేలైనవాటిని ఏరి, మందలోని ఉత్తమ నల్ల పెకిన్ పుంజుకు ఇవ్వాలి. పుట్టిన కొడుకులన్నీ నలుపే అయినా ప్రతిదీ చాక్లెట్‌ను మోస్తుంది. పరీక్ష అక్కర్లేదు, అనుమానం అక్కర్లేదు. రంగుకు పూచీ ఉంది గనుక ఎంపికంతా ఆకారం మీదే పెట్టి, ఒళ్లూ కాళ్లూ పెకిన్‌కు దగ్గరైన కొడుకును ఉంచుకోవాలి. మూడో ఏడు ఆ కొడుకును నల్ల పెకిన్ పెట్టలతో కలిపితే కూతుళ్లలో సగం చాక్లెట్. ఇలా కూతురి చేతి నుంచి కొడుకు చేతికి, కొడుకు చేతి నుంచి కూతురి చేతికి రంగు మారుతూ ఉంటే, ప్రతి మార్పులోనూ పెకిన్ పాలు పెరుగుతుంది.

ఓర్పింగ్టన్ వెంట పిలవని చుట్టం ఒకటి వస్తుంది, తెల్లచర్మం. పెకిన్ చర్మం పసుపు. కోళ్లలో తెల్లచర్మం బహిర్గతం, పసుపు అంతర్గతం. కాబట్టి మొదటి తరం అంతా తెల్లచర్మమే. పెకిన్‌తో తిరిగి కలిపిన తరంలో సగానికి పసుపు వస్తుంది. నల్లపక్షుల కాళ్ల మీద ముదురు రంగు కప్పేస్తుంది కనుక పాదం అడుగు తిప్పి చూసి నిర్ణయించాలి. ఈ పసుపుచర్మం జన్యువు పెంపుడు కోడికి ఎర్ర అడవికోడి నుంచి గాక, దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008 నాటి మరో పరిశోధన తేల్చింది. పెకింగ్ పేరుతో ఇంగ్లండుకు వెళ్లిన కోడి పాదాల్లో దక్కను అడవి ఉందన్నమాట. దీనివల్ల పెంపకందారుకు ఒరిగేదేమీ లేకపోయినా, టీకాకారుడు చెప్పకుండా ఉండజాలడు.

అయిదో పద్యం

కాలి కుంగరంబు కాగితమ్మున వ్రాత
లేని వాని మంద లెక్క గాదు
మూడు వారమాగి మొదలిడు మఱు పుంజు
తండ్రి పేరు కూడ తప్పరాదు

ప్రతిపదార్థం: కాలికి ఉంగరంబు = అంకె వేసిన రింగు; కాగితమ్మున వ్రాత = పుస్తకంలో నమోదు; లేని వాని మంద = ఇవి లేనివాడి కోళ్లు; లెక్క కాదు = ప్రాజెక్టు అనిపించుకోవు; మూడు వారము ఆగి = మూడు వారాలు నిలిపి; మఱు పుంజు = వేరొక పుంజును; మొదలిడు = గూట్లో ప్రవేశపెట్టు; తండ్రి పేరు కూడ = తల్లిదే కాదు, తండ్రి గుర్తు కూడా; తప్పరాదు = పొరబడరాదు.

తాత్పర్యం: వెనకటి పద్యాల్లోని లెక్కలన్నీ ఎవరు ఎవరికి పుట్టారో తెలిసినప్పుడే లెక్కలు.

విశేషం: లోకంలో ఉంగరం అలంకారం, కోడి కాలికి అది జన్మపత్రిక. నల్లపిల్లల్లో స్ప్లిట్ ఏదో శుద్ధనలుపు ఏదో చూపు చెప్పదు, పుస్తకం చెబుతుంది. రింగు అంకె, తల్లి, తండ్రి, లేచిన తేదీ, పుట్టినప్పటి నూగు రంగు, పెరిగాక రంగు, మేను లోపాలు, ఇవి రాస్తే చాలు. లేచిన పిల్లలనే గాక, ఏరివేసినవాటినీ రాయాలి. వాటిని రాయకపోతే సగమెంతో పావెంతో తేలదు.

మూడు వారాల నియమానికి కారణం పెట్ట శరీరంలో ఉంది. పుంజును తీసేసిన తరువాత కూడా దాని బీజాన్ని పెట్ట రెండు మూడు వారాలు నిలవ ఉంచుకోగలదు. కొత్త పుంజును నేడు వదిలి రేపటి గుడ్డును దాని ఖాతాలో రాస్తే పాత పుంజు పిల్లకు కొత్త పుంజు పేరు పడుతుంది. మూడో పద్యంలోని పరీక్ష చేసేవాడికి ఇది మరీ ముఖ్యం. అంతకు ముందు లావెండర్ పుంజుతో ఉన్న పెట్టను వెంటనే పరీక్షకు పెడితే నిర్దోషి పుంజు దోషి అవుతుంది.

గూట్లో ఒక పుంజు, రెండు పెట్టలు ఉంటే తండ్రి తెలుస్తాడు గాని గుడ్డు ఏ పెట్టదో తెలియదు. పరీక్ష జరిగేటప్పుడు పుంజుతో ఒక్క పెట్టనే ఉంచడం శ్రేయం. పెకిన్ పెట్టలు పొదగడానికి కూర్చోవడంలో ప్రసిద్ధికెక్కినవి. ఒకదాని గుడ్లు మరొకదాని కిందికి చేరకుండా గుడ్డు మీద పెన్సిలుతో తల్లి అంకె వేయాలి. కోడిగుడ్డుకు ఇరవై ఒక్క రోజులు. బాంటమ్ పిల్లలు తరచు ఒక రోజు ముందే లేస్తాయి.

పుస్తకం మరో కీడునూ ఆపుతుంది. రంగు తొందరలో అన్నాచెల్లెళ్లను కలిపితే పిల్లల అంతఃప్రజనన గుణకం 25 శాతానికి చేరుతుంది. తండ్రి ఒకరై తల్లులు వేరైనవాటిని కలిపితే 12.5 శాతం. ఒకసారి చేస్తే రంగు త్వరగా కుదరవచ్చు. అదే అలవాటైతే గుడ్లు లేవడం తగ్గి, పిల్లలు నీరసిస్తాయి. సీబ్రైట్ 1809లోనే తన చిన్న పుస్తకంలో ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. అందువల్ల ఆరంభంలోనే చుట్టరికం లేని రెండు కుటుంబాలను నిలిపి, రెండింటి మధ్యా పుంజులను మార్చుకుంటూ పోవాలి.

ఏరివేత ఎప్పుడు చేయాలి? లోపాలున్నవాటిని బయటపడగానే; రంగును మాత్రం పెద్ద ఈకలు పూర్తిగా వచ్చాక. ఆకారాన్ని నిర్ణయించేది ఇంకా ఆలస్యంగా. పెట్ట మొదటిసారి ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకున్నాక దాని అసలు రూపం తెలుస్తుంది. కనుక మందకు తల్లిని ఎంచేవాడికి ఏడాది పిల్ల కంటె రెండో ఏటి పెట్ట నమ్మకమైనది.

ఫలశ్రుతి

ఈ పంచకాన్ని పఠించినందువల్ల ప్రత్యేక ఫలం లేదు. పాటించినవాడికి రెండు మూడేళ్లలో కోరిన రంగు, ఆరేళ్లు దాటాక ఆ రంగుకు తగిన మేను లభిస్తాయి. పాటించినా పాటించకపోయినా లేచిన పిల్లల్లో సుమారు సగం పుంజులే అవుతాయి. మందకు కావలసినవి రెండు మూడు పుంజులు మాత్రమే. మిగిలినవాటి గతి ఏమిటో గుడ్లు పెట్టకముందే ఆలోచించుకోవాలి. మూలకారుడు దీనికి పద్యం రాయలేదు. వంటశాస్త్రం గ్రంథాంతరం కనుక టీకాకారుడూ ఇక్కడితో విరమిస్తున్నాడు.

ఇది వర్ణపంచకానికి టీకా తాత్పర్యం. సమాప్తం.